ఎర్ర లైటులో కళ్ళు

జనవరి 11

వాగు పక్క బీట్లో ఇంకో గొర్రెపిల్ల. గొంతు మీద నాలుగు పళ్ళ గాట్లు, కడుపు ఖాళీ. కుక్క అయితే వెనక తొడలు చీరేస్తుంది. ఇది కొయోటీ పనే, ఆ తోడేలు జాతి దొంగది. కొత్త సంవత్సరం వచ్చాక ఇది అయిదోది. ఈనాల్సిన గొర్రెలు ఇంకా నూట పది ఉన్నాయి.

కంచెకు అవతల హ్యూగో మందలో ఒక్కటీ పోలేదు. వాడికి ఓటిస్ ఉన్నాడు.

వెర్లీన్ రాత్రి భోజనం దగ్గర అంది: "మా తమ్ముడిలా నువ్వూ ఓ కాపలా కుక్కను పెట్టుకోవచ్చుగా."

"పిల్లను తెచ్చి, గొర్రెల్లో పెంచి, పనికొచ్చేలా చెయ్యడానికి రెండేళ్ళు పడుతుంది. నాకు అరవై ఎనిమిది."

"రెండేళ్ళకు నీకు డెబ్బయి వస్తాయి. కుక్క ఉన్నా, లేకపోయినా."

రేపటి నుంచి రాత్రిళ్ళు రైఫిల్‌తో కాపు కూర్చుంటాను.

జనవరి 13

నాన్న నేర్పిన పద్ధతిలోనే వెళ్ళాను. తెల్ల లైటు ఎడమచేత్తో కణత పక్కన పట్టుకుని, మెల్లగా తిప్పుతూ కళ్ళ కోసం చూడడం. గొర్రె కళ్ళు ఆకుపచ్చగా, నీలంగా నిలకడగా ఉంటాయి. జింకవి తెల్లగా, ఎత్తులో. కుందేలు కన్ను ఒక్కటే, ఎర్రగా. కొయోటీవి లేత పసుపు, నేలకు దగ్గరగా, ఒక చోట ఉండవు.

లేత పసుపు కళ్ళు రెండు వందల గజాల దూరంలో కనిపించాయి. లైటు కింద పెట్టి రైఫిల్ ఎత్తేసరికి లేవు. మూడుసార్లు ఇదే జరిగింది. ఈ కొయోటీలకు తెల్ల లైటంటే ఏమిటో తెలుసు.

జనవరి 14

ఊళ్ళోకి వెళ్ళాను. డెల్‌రాయ్ దాణా దుకాణంలో ఇప్పుడు దాణా కంటే లైట్లే ఎక్కువ ఉన్నాయి. రైఫిల్‌కి స్కోపు కింద బిగించే రకం. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు.

"కొయోటీకి ఎరుపు కనబడదంటారు, నిజమేనా?" అన్నాను.

"నేనెప్పుడూ కొయోటీని కాలేదన్నా," అన్నాడు డెల్‌రాయ్. "కానీ పట్టుకెళ్ళినవాళ్ళు చెప్పేదేంటంటే, ఎర్ర లైటు మీద పడ్డా అది తన పని తను చూసుకుంటుంది. పారిపోదు. ఆకుపచ్చ అయితే ఇంకా దూరం పోతుంది, మన కంటికి బాగా ఆనుతుంది. కొన్ని మాత్రం దాన్ని చూసి బెదురుతాయి. తెల్లది పెట్టుకుంటే నీకూ అంతా కనిపిస్తుంది, దానికీ అంతా కనిపిస్తుంది."

"నువ్వయితే ఏది తీసుకుంటావు?"

"నేనయితే ఇంట్లో పడుకుంటాను."

ఎరుపు ఒకటి, ఆకుపచ్చ ఒకటి చూడమని ఇచ్చి పంపాడు. నచ్చింది ఉంచుకుని రెండోది వెనక్కి తెచ్చివ్వాలి.

జనవరి 15

చీకటి పడ్డాక రెండూ మార్చి మార్చి బిగించి పెరట్లో చూశాను. ఎరుపులో పాక రేకు, ఎండుగడ్డి, సున్నపురాయి అన్నీ ఒకే తీరుగా కనిపించాయి. ఆకుపచ్చలో వస్తువుల అంచులు తెలుస్తున్నాయి గానీ గడ్డి మరీ మెరిసిపోతోంది. దొడ్డిలో గొర్రెల మీదికి తిప్పాను. ఎరుపులో అన్ని కళ్ళూ ఎరుపే. ఆకుపచ్చలో అన్నీ ఆకుపచ్చే. నాన్న చెప్పిన రంగులు ఈ లైట్లలో ఉండవు.

ఉండకపోయినా ఫరవాలేదు. ఎత్తు ఉంది, రెండు కళ్ళ మధ్య ఎడం ఉంది, కదలిక ఉంది. యాభై ఏళ్ళ అలవాటు.

వెర్లీన్ వరండాలోంచి చూస్తూ నిలబడింది. "ఏమయ్యా, క్రిస్మస్ ఇంకా అయిపోలేదా నీకు?"

జనవరి 18

శనివారం. హ్యూగో వాళ్ళింట్లో డొమినోలు. వాడే గెలిచాడు, ఎప్పటిలాగే గెలిచినంతసేపూ మాట్లాడాడు.

"రంగు లైట్లు తెచ్చావంటగా బావా. మా అక్క చెప్పింది. నాట్యం కూడా మొదలుపెడతావా?"

"నీకేం, నీకు కుక్క ఉంది."

"వాడు నా కుక్కేం కాదు. గొర్రెల కుక్క. నన్ను చూస్తే తోకన్నా ఊపడు." ఇంకో ముక్క వేశాడు. "అన్నట్టు వాగు దగ్గర కంచె కింద సందు పడింది కదా, ఈ మధ్య అందులోంచి నీ వైపు వస్తున్నాడు. కంచె మనకే గానీ వాడికి తెలీదు. పిల్ల అరుపు వినిపిస్తే చాలు. కనబడితే అదిలించి పంపు."

"కనబడితే చూస్తాలే," అన్నాను.

జనవరి 19

రెండు లైట్లూ మళ్ళీ చూశాను. ఎరుపే ఉంచుకుంటాను. ముఖ్యమైనది కొయోటీ పారిపోకుండా ఉండడం.

జనవరి 20

ఉత్తరపు గాలి. ఎర్ర లైటు. రాత్రి ఒకటీ నలభైకి ఒక తూటా. తర్వాత రాస్తాను.

జనవరి 21

మంచువాన. రెండు గొర్రెలు ఈనాయి. ఒకదానికి కవలలు. పొద్దున్నే వాగు దగ్గర రాళ్ళు మోశాను, నడుం పట్టేసింది.

జనవరి 22

హ్యూగో వచ్చాడు. పికప్ దిగకుండానే అడిగాడు.

"మొన్న రాత్రి తూటా చప్పుడు విన్నాను బావా. పడిందా?"

"తగిలింది. సెడార్ పొదల్లోకి పోయింది."

"అందుకా! గేటు దగ్గర కంచెకు వేలాడుతుందేమోనని నిన్నంతా చూస్తూనే ఉన్నా. నువ్వు కొట్టి వేలాడదియ్యకపోవడం ఎప్పుడూ లేదే అనుకున్నా."

మా వైపు అందరం అలాగే చేస్తాం. కొయోటీని చంపితే వెనక కాళ్ళు కట్టి, రోడ్డు మీద పోయేవాళ్ళకు కనబడేలా కంచెకు వేలాడదీస్తాం.

"ఓటిస్ రెండు రోజుల నుంచి తిండికి రాలేదు," అన్నాడు. "నీ వైపేమన్నా కనిపించాడా?"

లేదన్నాను. ఇద్దరం నా పికప్‌లో వెతికాం. కొండ వైపు, నీటి తొట్టి వైపు, రోడ్డు పక్కన. హ్యూగో కిటికీలోంచి తల బయటపెట్టి ఈల వేస్తూనే ఉన్నాడు. బండి నేను నడిపాను. వాగు వైపు బురదగా ఉందన్నాను.

జనవరి 24

ఇందులోనైనా రాయాలి. అది కొయోటీ కాదు. ఓటిస్.

వాగు పక్కన, సెడార్లకు ఇవతల, రెండు కళ్ళు కనిపించాయి. ఎర్రగా ఉన్నాయి. నేలకు దగ్గరగా ఉన్నాయి. మధ్య ఎడం కాస్త ఎక్కువనిపించింది, పెద్ద మగది అనుకున్నాను. ఒక గొర్రెపిల్ల కింద పడి ఉంది, దాని మీదికి వంగి తల ఆడిస్తోంది. తింటోందనుకున్నాను. తెల్ల బొచ్చు, ఎండుగడ్డి, ఎరుపులో ఒకటే. లైటు మీద పడినా పారిపోలేదు. డెల్‌రాయ్ చెప్పినట్టే తన పని తను చూసుకుంటోంది. నూట ఇరవై గజాలు ఉంటుంది. నేను ఇబ్బంది లేకుండా కొట్టగల దూరం.

దగ్గరికి వెళ్ళి జేబులైటు వేశాను. తెల్లది. అప్పుడు తెలిసింది.

పిల్ల అప్పుడే పుట్టింది. తల్లి రెండోదాన్ని ఈనుతూ పక్కన పడి ఉంది. ఓటిస్ ఈ పిల్లను నాకి ఆరబెడుతున్నాడు. సగం ఆరింది. అది బతికే ఉంది. ఇప్పుడూ ఉంది. వీపు మీద నీలం గుర్తు పెట్టాను.

హ్యూగో ఇంట్లో దీపం వెలగలేదు. అప్పుడే వెళ్ళి తలుపు కొట్టి ఉంటే సరిపోయేది. పొద్దున వెళ్దామనుకున్నాను. పొద్దున వాడు లేవకముందే ఓటిస్ మీద రాళ్ళు కప్పేశాను. అక్కడ తవ్వడానికి మట్టి లేదు, అంతా బండ.

జనవరి 25

వెర్లీన్ నా కోటు దులుపుతూ అడిగింది. "ఈ బొచ్చు ఎక్కడిది?"

"గొర్రెలది."

"గొర్రెది ఉన్ని." కోటు ఉతికి ఆరేసింది.

జనవరి 27

తప్పు ఎర్ర లైటుది. అది దూరం రాదు, అంచులు చూపించదు. ఆకుపచ్చ అయి ఉంటే తెలిసిపోయేది. ఎర్రది డెల్‌రాయ్‌కి తిరిగి ఇచ్చేశాను.

"ఏం, పనికి రాలేదా?"

"దూరం రాదు."

"అందరికీ వస్తోందే."

దుకాణం తలుపు మీద హ్యూగో రాసి అంటించిన కాగితం ఉంది. పెద్ద తెల్ల కుక్క, ఎడమ చెవి మీద లేత గోధుమరంగు మచ్చ, పిలిస్తే రాడు, చూసినవాళ్ళు చెప్పండి. పిలిస్తే రాడు అన్నది కూడా రాశాడు. తలుపు తెరవాలంటే ఆ కాగితం మీదే చెయ్యి వెయ్యాలి.

జనవరి 30

ఆకుపచ్చ బిగించి రెండు రాత్రులు కూర్చున్నాను. కళ్ళు కనిపించాయి. కొట్టలేదు. జింక అయ్యుంటుంది.

ఫిబ్రవరి 2

హ్యూగో మందలో రెండు పిల్లలు పోయాయి. ఆరేళ్ళలో మొదటిసారి. చర్చిలో పాస్టర్ ఓటిస్ సంగతి కూడా చెప్పాడు, ఎవరికైనా కనిపిస్తే కబురు చెయ్యమన్నాడు. నా ముందు బెంచీలో హ్యూగో కూర్చున్నాడు. మెడ వెనక జుట్టు కత్తిరించుకోలేదు.

ఫిబ్రవరి 5

కొట్టాను. ఇది కొయోటీయే. ఆకుపచ్చ లైటులో కళ్ళు చూసి ఆగాను. పక్కకు తిరిగేదాకా, తోక కనబడేదాకా, నాలుగడుగులు వేసేదాకా ఆగాను. ఆడది. తెల్లారకముందే గేటు దగ్గర వేలాడదీశాను.

ఎనిమిదింటికి హ్యూగో పికప్ ఆపి దిగాడు. దాని చుట్టూ తిరిగి చూసి, నా దగ్గరికి వచ్చి చెయ్యి కలిపాడు. రెండు చేతులతో.

"ఓటిస్‌ను పొట్టన పెట్టుకుంది ఇదీ దీని మొగుడూనే అయ్యుంటాయి బావా. రెండూ కలిస్తే వాడొక్కడు ఏం చెయ్యగలడు."

"అయ్యుండొచ్చు," అన్నాను.

ఫిబ్రవరి 6

అయ్యుండొచ్చు అన్నాను.

ఫిబ్రవరి 9

హ్యూగోకి నిన్న రాత్రి ఇంకో నాలుగు పోయాయి. నా వైపు ఏమీ పోలేదు. నా దగ్గర దెబ్బ తిన్న గుంపు వాడి వైపు మళ్ళింది, లేక అటు కుక్క లేదని తెలుసుకుంది.

వాడు వరండాలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నా ఇంటికి టోపీ తీసి ఎప్పుడూ రాలేదు.

"నేనూ లైటు కొంటా బావా. రాత్రి వేట నాకు తెలీదు. ఇన్నాళ్ళూ అవసరం పడలేదు. రేపు డెల్‌రాయ్ దగ్గరికి నాతో రా. ఏ రంగు తీసుకోవాలో నీకు తెలుసు కదా."

వస్తానన్నాను. వాడు వెళ్ళాక వెర్లీన్ గిన్నెలు కడుగుతూ నా వైపు తిరగకుండా అంది: "వాడు రాత్రి నీ వైపు తిరిగి కూడా కాలుస్తాడు. ఏది ఏదో వాడికి తెలియాలి."

"తెలియజెప్తాను."

"చెప్పు మరి."

ఫిబ్రవరి 10

డెల్‌రాయ్ మూడు లైట్లూ బల్ల మీద పెట్టాడు. హ్యూగో ఎర్రది చేతిలోకి తీసుకున్నాడు.

"ఇదే కదా పారిపోకుండా ఉంచేది?"

"ఎరుపు వద్దు," అన్నాను.

"సరే, నువ్వు ఆ ఆడదాన్ని కొట్టింది ఆకుపచ్చతో కదా. అయితే అదే ఇవ్వు డెల్‌రాయ్."

"అదీ వద్దు. తెల్లది తీసుకో."

డెల్‌రాయ్ నవ్వాడు. "తెల్లదా! దానికంటే కొయోటీలకు ముందే ఉత్తరం రాసి పడెయ్యన్నా, ఫలానా రోజు వస్తున్నామని."

"పారిపోతే పారిపోనీ," అన్నాను. "తెల్ల లైటులో కన్ను ఏ రంగో తెలుస్తుంది. మిగతావాటిలో తెలీదు. గొర్రె, కుక్క, కొయోటీ, అన్నీ ఒకటే."

హ్యూగో లైటు తిప్పి చూస్తున్నవాడు ఆగాడు. నా మొహం కేసి చూశాడు. లైటు బల్ల మీద పెట్టేశాడు, జాగ్రత్తగా, దొర్లిపోకుండా. డెల్‌రాయ్‌కి అర్థం కాలేదు.

వాడి పికప్‌లోనే వెళ్ళాం, వాడి పికప్‌లోనే తిరిగి రావాలి. పద్నాలుగు మైళ్ళు. నా గేటు దగ్గర ఇంజన్ ఆపకుండా అడిగాడు.

"ఎక్కడ?"

వాగు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను. పై వరస రాళ్ళు తీశాడు. నేను వంగబోతే చేత్తో ఆగమన్నాడు. చెవి కనిపించేదాకా తీసి ఆగాడు. చలి వల్ల ఇంకా అలాగే ఉంది. మళ్ళీ ఒక్కొక్క రాయీ పేర్చాడు, నాకంటే పొందికగా.

"ఏం చేస్తున్నాడప్పుడు?"

"పిల్లను నాకుతున్నాడు."

"నా పిల్లనా?"

"నాది."

తల ఊపాడు. "ఇరవయ్యో తారీఖు."

"అవును."

"నేను ఇరవై రెండున వచ్చాను నీ దగ్గరికి."

"అవును."

"ఈల వేశాను."

వాడు నడిచి సందు దగ్గరికి పోయి, కంచె కింద నుంచి దూరి, తన వైపుకు వెళ్ళిపోయాడు. పికప్ నా గేటు దగ్గరే ఉండిపోయింది, ఇంజన్ తిరుగుతూ. నేనే ఆపి, తాళం వెర్లీన్ చేతికి ఇచ్చి పంపాను.

ఫిబ్రవరి 11

వెర్లీన్ తాళం ఇచ్చి రావడానికి రెండు గంటలు పట్టింది. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. నేను అడగలేదు. కళ్ళు తుడుచుకున్న గుర్తు ఉంది.

"నీకెప్పటి నుంచి తెలుసు?" అని మాత్రం అడిగాను.

"కోటు ఉతికింది నేనేగా."

"చెప్పలేదేం?"

"చంపింది నేనా?"

ఆకుపచ్చ లైటు విప్పి డబ్బాలో పెట్టాను.

ఫిబ్రవరి 12

సాయంత్రం నాలుగింటికి హ్యూగో ఫోను.

"కుక్కపిల్లను చూశాను. మార్చి ఆఖరికి తల్లి దగ్గర్నుంచి తీస్తారు. పనికి రావడానికి రెండేళ్ళు."

"అవును."

"నా గొర్రెలు ఈనడం ఏప్రిల్ సగం దాకా ఉంది. ఈ పది రోజుల్లో పదకొండు పిల్లలు పోయాయి."

"నా మందలోంచి పదకొండు తోలుకుపో."

"నీ పిల్లలు నాకెందుకు? చీకటి పడేముందు ఇటు రా. తెల్లారేదాకా ఉండు. ఏప్రిల్ దాకా. రైఫిల్ తేవొద్దు. లైటూ తేవొద్దు."

"లైటు లేకుండా ఏం చూస్తాన్రా?"

"వాడేం లైటు పెట్టుకుని చూశాడు?"

ఫోను పెట్టేశాడు. వెర్లీన్ అప్పటికే దుప్పటి బయటికి తీసింది. నా మందను తను చూసుకుంటానంది, తన తండ్రి దగ్గర చేసిన పనేగా అంది.

ఫిబ్రవరి 13

మొదటి రాత్రి. గేటు తీసి అడుగు పెట్టగానే మంద అంతా ఒక్కసారిగా లేచి అవతలి కొసకు పరుగెత్తింది. నేను ఎటు నడిస్తే దానికి ఎదురువైపు. చివరికి తిరగేసిన బకెట్ మీద కూర్చుండిపోయాను. చంద్రుడు పైన ఉన్నాడు గానీ మబ్బు. రెండింటికి వాగు వైపు కొయోటీలు కూశాయి. లేచి నిలబడి అరిచాను. ఏమని అరవాలో తెలియక హోయ్ అన్నాను. ఆ తర్వాత అవి కూయలేదు. ఒక్క పిల్లా పోలేదు.

ఫిబ్రవరి 14

అలాగే. కాళ్ళు మొద్దుబారుతున్నాయి. కూర్చోకుండా గంటకోసారి కంచె వెంట తిరిగాను. మనిషి వాసన తగిలితే చాలు, కొయోటీలు దగ్గరికి రావు. తెల్లవారుజామున హ్యూగో వచ్చి కాఫీ గ్లాసు కంచె గుంజ మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి అది గోరువెచ్చగా ఉంది.

ఫిబ్రవరి 17

ఒక పిల్ల పోయింది. కునుకు పట్టింది. పొద్దున హ్యూగో దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"నిద్రపోయావా?"

"పోయాను."

"వాడూ పోయేవాడు," అన్నాడు. "ఒక చెవితో."

ఫిబ్రవరి 21

నాలుగు రాత్రులుగా ఏమీ పోలేదు. గొర్రెలు అవతలి కొసకు పోవడం మానేశాయి. నేను వస్తే తల ఎత్తి చూసి, మళ్ళీ నమలడం మొదలుపెడతాయి. ఏ గొర్రె దగ్గుతుందో, ఏది పళ్ళు నూరుతుందో తెలుస్తోంది. ఈనబోయే గొర్రె ముందు కాలితో నేలను గీరుతుంది. రాళ్ళ మీద ఆ చప్పుడు వేరు.

ఫిబ్రవరి 24

వాన. దుప్పటి మీద గోనె కప్పుకుని బకెట్ మీద కూర్చున్నాను. చెయ్యి ముందుకు చాపితే చెయ్యి కనబడని చీకటి. మూడు దాటాక ఏదో దగ్గరికి వచ్చింది. తడి ఉన్ని వాసన. నేలను గీరి, నా కాళ్ళకు ఆరడుగుల దూరంలో పడుకుంది. మూలుగు. తర్వాత చిన్న అరుపు, సన్నగా.

తల్లి అలిసిపోయినట్టుంది, లేవలేదు. పిల్ల వణికే చప్పుడు వినిపిస్తోంది. వెతికి పట్టుకున్నాను. దాని మొహం మీది జిగురు వేళ్ళతో తీసి, గోనెతో తుడవడం మొదలుపెట్టాను. తుడిచినచోటల్లా మళ్ళీ వాన పడుతోంది. కోటు గుండీలు విప్పి పిల్లను లోపల పెట్టుకున్నాను.

తెల్లారేసరికి ఆరింది.